గోరింటవలస నిండిన వైనం

గోరింటవలస చిన్న ఊరే గాని, అక్కడి తెలివి మాత్రం చిన్నది కాదని అక్కడివాళ్ల గట్టి నమ్మకం. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఏనాడూ తమను ఒక్క సలహా అయినా అడగకపోవడమే అందుకు సాక్ష్యమని వాళ్లు చెప్పుకునేవారు. అంత తెలివిని తట్టుకునే ధైర్యం ఎదుటివాళ్లకు లేదట.

ఊరికి తూర్పున వాగు, పడమర జీడితోటలు, ఉత్తరాన మెరక, దక్షిణాన ఏడాది పొడవునా బురద. ఈ నాలుగు దిక్కులూ మొదట తమ ఊళ్లోనే పుట్టాయనీ, తక్కిన ఊళ్లు తర్వాత పట్టుకెళ్లి వాడుకుంటున్నాయనీ ఊరిపెద్ద గవరయ్య నాయుడు అనేవాడు. ఆయన తమ్ముడు అప్పలసూరి తల ఊపేవాడు. ఊరి చుట్టూ పదహారు పొలిమేర రాళ్లు. రాళ్లకు లోపలిది ఊరు, బయటిది లోకం.

అంత తెలివైన ఊళ్లోనూ గవరయ్యకు ఒక దిగులుండేది. ఆయన కోడలు బంగారమ్మకు ఎనిమిదో నెల. ఆసుపత్రి తొమ్మిది మైళ్ల దూరం. దారిలో వాగులు రెండు, వంతెన ఒకటి.

ఆ రోజుల్లోనే జనాభా లెక్కల గుమస్తా వచ్చాడు.

"శుక్రవారం పొద్దున్న వచ్చి లెక్కపెడతాను. పొలిమేర రాళ్ల లోపల ఎంతమంది ఉంటే అంతే రాస్తాను. ఐదువందలు నిండితే ఒక నర్సమ్మను మీ ఊళ్లోనే ఉంచుతారు. ఒక్కరు తగ్గినా ఉంచరు," అని చెప్పి వెళ్లిపోయాడు.

గవరయ్య ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టాడు. నాలుగువందల ఎనభై ఎనిమిది. పన్నెండుమంది తక్కువ. సరిగ్గా పన్నెండుమంది వాగు అవతల ఇటుకబట్టీ దగ్గర ఉన్నారు. అప్పలసూరి వెళ్లి పిలిచాడు. బట్టీ రగులుతోందనీ, పది రోజులదాకా కాపలా వదిలి కదిలేది లేదనీ వాళ్లు చెప్పారు.

గవరయ్య చాలాసేపు ఆలోచించాడు. ఆలోచన ఆయన ముఖంలో నెమ్మదిగా, బురదలో బండిలా కదిలింది.

"ఒరే సూరీ, ఆళ్లు ఊళ్లోకి రాలేరు. సరే. ఊరు ఆళ్ల దగ్గరికి ఎల్లడానికి ఏటి అడ్డం?"

"ఏటీ లేదన్నా. ఊరికి బట్టీ కాపలా లేదు కదా."

అంతే. తూర్పు రాళ్లు పెకలించారు, బండ్లకెత్తారు, వాగు దాటించి బట్టీకి ఆవల పాతారు. పన్నెండుమంది కూర్చున్నచోటే గోరింటవలసవాళ్లు అయిపోయారు. అయితే అంత దూరం చుట్టి రావడానికి రాళ్లు చాలలేదు. పడమటి రాళ్లు కొన్ని తెచ్చి తూర్పున పాతారు. పడమట ఖాళీ వచ్చింది గనుక అక్కడ మిగిలిన నాలుగు రాళ్లనూ కాస్త ఇవతలికి జరిపారు. ఇంకేముంది, పడమటి వీధి మొత్తం లోకంలోకి వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున్న పడమటి వీధి కూర్మయ్య మజ్జిగ ముంతతో కొత్త రాయి దగ్గర ఆగి నిలబడ్డాడు.

"మీ ఊళ్లోకి రావచ్చా?"

"ఏ ఊరు మీది?" అన్నాడు అప్పలసూరి.

"నిన్నటిదాకా ఇదే."

"ఇక్కడ చుట్టాలెవరైనా ఉన్నారా?"

"నువ్వే. నా పెళ్లాం నీకు అప్ప కదా."

"అయితే రా బావా. కాళ్లు కడుక్కో. దూరాన్నుంచి వచ్చావు."

మజ్జిగ తాగుతూ గవరయ్య వేళ్లు ముడిచి చూసుకున్నాడు. లోపలికి వచ్చినవాళ్లు పన్నెండుమంది. బయటికి పోయినవాళ్లు నలభైమంది.

"రాళ్లు మళ్లీ జరుపుదామా అన్నా?"

"రాళ్లు అలిసిపోయాయిరా. మనుషుల్ని జరుపుదాం."

అంతే. పడమటి వీధి నలభైమందీ మంచాలతో, కుండలతో, కోళ్లతో వచ్చి గవరయ్య ఇంట్లో దిగారు. వాళ్ల ఇళ్లు తలుపులు తీసినవి తీసినట్టే రాళ్ల అవతల ఉండిపోయాయి. ఎవరూ బయటికి పోకుండా శుక్రవారం దాకా అందరూ ఒకరి కొంగు ఒకరు పట్టుకుని తిరిగారు.

గుమస్తా వచ్చాడు. రాళ్లు చూశాడు, ఎండలో నిలబడి ఒక్కొక్కరినే లెక్కపెట్టాడు. పడమటివైపు చూసి, "ఆ ఇళ్లెవరివి?" అన్నాడు.

"వేరే ఊరివి బాబూ," అన్నాడు గవరయ్య.

"జనం ఎంత?"

"ఒక్కరూ లేరు. పాపం, చిన్న ఊరు."

గుమస్తా ఐదువందలని రాసి, సంతకం పెట్టి, "ఈ అంకె మారడానికి వీల్లేదు. మారిందంటే నర్సమ్మ సంగతి మళ్లీ మొదటికొస్తుంది," అని హెచ్చరించి పోయాడు.

గవరయ్య ఆ మాటను మనసులో పదిలంగా దాచుకున్నాడు; పడమటి వీధివాళ్లను తిరిగి వాళ్ల ఇళ్లకు వెళ్లనివ్వలేదు.

నెల తిరిగింది. నర్సు సుగుణమ్మ పెట్టె పట్టుకుని పడమటి రాయి దగ్గరికి వచ్చిన పూటే బంగారమ్మకు నొప్పులు మొదలయ్యాయి. గవరయ్య పరుగున ఎదురొచ్చి, రెండు చేతులూ చాచి దారికి అడ్డం నిలబడ్డాడు.

"అక్కడే ఆగండమ్మా. ఊరు నిండిపోయింది. మీరు కాలు పెడితే ఐదువందల ఒకటి. అంకె మారిందా, మిమ్మల్ని తీసుకుపోతారు."

"నేను వచ్చింది ఎవరికోసం?"

"మా కోడలికోసం."

"ఆవిడ ఎక్కడుంది?"

"లోపల."

"మరి నేను?"

"బయట." గవరయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూశారా అమ్మా మా కష్టం?"

సుగుణమ్మ ఆయన్ను ఒక్క క్షణం చూసింది. వాదించే సమయం కాదని గ్రహించింది. "నన్ను లోపలికి రానివ్వకపోతే ఆమెను బయటికి తీసుకురండి. తొందరగా."

నలుగురు మంచం ఎత్తి, పడమటి వీధి ఖాళీ ఇంట్లో దించారు. దించగానే అప్పలసూరి వేళ్లు చూసుకుని, "అన్నా, లోపల ఐదుగురు తగ్గిపోయారు," అన్నాడు. మోసుకొచ్చిన నలుగురూ ఒక్క పరుగున వెనక్కి వెళ్లిపోయారు. కాసేపటికి ఆ ఇంట్లోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. మగపిల్లవాడు. తల్లీబిడ్డా క్షేమం.

సుగుణమ్మ తల్లిని మళ్లీ మంచం మీద మోయించి, బిడ్డను తానే ఎత్తుకుని, ఎవర్నీ అడగకుండా రాయి దాటి లోపలికి నడిచింది. గవరయ్య వేళ్లు ముడిచాడు. నర్సమ్మ ఒకరు, మనవడు ఒకరు. ఐదువందల రెండు.

ఆయన తమ్ముడి చెయ్యి పట్టుకుని రాయి దాటి బయటికి వచ్చేశాడు. ఇద్దరూ పడమటి వీధిలో ఒక ఖాళీ అరుగు మీద కూర్చున్నారు. లోపల లెక్క సరిపోయింది. గవరయ్య చాలా తృప్తిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"అన్నా," అన్నాడు అప్పలసూరి కొంతసేపటికి, "ఇక్కడ మనకి జ్వరం వస్తే ఎవరు చూస్తారు?"

"అందుకేటిరా దిగులు? ఇళ్లు కట్టే ఉన్నాయి, మనం ఇద్దరం ఉన్నాం. ఇంకో నాలుగువందల తొంభై ఎనిమిదిమంది వస్తే మనకీ నర్సమ్మనిస్తారు. నువ్వు మాత్రం ఎక్కడికీ కదలకు, ఉన్న జనాభా సగమైపోతుంది."