ముళ్లు ఇచ్చిన తమ్ముడు

తేనెమడుగు అడవిలో జంతువులన్నిటికీ ఒకే విశ్వవిద్యాలయం. గజేశ్వరమ్మ అనే ముసలి ఏనుగు దానికి పెద్ద. గాలివాసన పట్టడం, నీటిజాడ తీయడం, వేటగాడి వల గుర్తించడం అక్కడి చదువులు. అయితే పిల్లలు ఆశపడి వచ్చేది ఆ చదువుల కోసం కాదు, అన్నదమ్ముల సంఘం కోసం. ముంగాలికి ఎర్రనార కట్టుకుని సంఘం వాళ్లు గుంపుగా నడిచి వస్తుంటే మిగతావాళ్లు దారి వదిలేవారు.

ఆ ఏడు కొత్తగా చేరినవాళ్లలో ఏకాంబరం అనే ముళ్లపంది ఒకడు. ఒంటికాయ సొంటికొమ్ములా పెరిగినవాడు. ముళ్లు గుచ్చుకుంటాయని తరగతిలో ఎవరూ పక్కన కూర్చునేవారు కాదు. కాస్త చనువుగా ఉన్నది చెంగయ్య అనే కుందేలు ఒక్కడే, వాడూ మూరెడు దూరంలోనే.

అలాంటి ఏకాంబరాన్ని ఒకరోజు సంఘం పెద్ద రంగనాయకులు స్వయంగా పిలిచాడు. రంగనాయకులు నక్క. మాట్లాడితే చెట్టు మీది తేనె కారి నేల మీద పడేది.

"ఏం తమ్ముడూ, ఒక్కడివే తింటున్నావ్?"

తమ్ముడూ అన్న మాటకే ఏకాంబరం కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మా సంఘంలో చేరతావా? చెంగయ్య కూడా వస్తున్నాడు. ఆచారం మాత్రం ఒకటుంది. లోపలికి వచ్చేవాడు తనకు కాపు కాసేదాన్ని బయట వదిలి రావాలి. అన్నదమ్ముల మధ్య ఆయుధాలేమిట్రా?"

"అంటే... నా ముళ్లా?"

"బలవంతం లేదు నాయనా. ఒంటరిగా తినడమే బాగుందంటే నీ ఇష్టం."

అడవిపందులు రెండు పళ్లతో పట్టి లాగుతుంటే ఏకాంబరం కిక్కురుమనలేదు. ఒక్కో ముల్లు ఊడినప్పుడల్లా చుట్టూ చేరినవాళ్లు "మావాడే, మావాడే" అని అరిచారు. వీపంతా రక్తపు చుక్కలు. అయినా ఆ అరుపు వాడికి అమ్మ జోలపాటలా వినిపించింది. తర్వాత చెంగయ్య వంతు వచ్చింది. కుందేలుకు ముళ్లేముంటాయి? "ఎవరు ఎదురొచ్చినా పరుగెత్తను" అని ప్రమాణం చేయించుకున్నారు. ఇద్దరి ముంగాళ్లకూ ఎర్రనార కట్టారు. అడవిపందులు వాళ్లకు ఆనుకుని కూర్చుని దుంపలు పెట్టాయి. పుట్టి బుద్ధెరిగాక ఏకాంబరం ఒంటికి మరో ఒళ్లు తగలడం అదే మొదలు.

మర్నాడు మధ్యాహ్నం రంగనాయకులు వచ్చి, "పదండి తమ్ముళ్లూ, పెద్దన్న ఆశీర్వాదం తీసుకుందాం" అన్నాడు.

"పెద్దన్న ఎవరన్నా?" అన్నాడు చెంగయ్య.

"సంఘాన్ని పోషించే మహానుభావుడు. నిరుడు మన తాబేలు బంగారయ్యను పై చదువులకు పంపింది ఆయనే."

రాళ్లగుట్ట వెనక ఒక గుహ. లోపల అడుగుపెట్టగానే ఏకాంబరం కాలికి ఏదో తగిలి దొర్లింది. చూస్తే తాబేటి డిప్ప. ఖాళీ డిప్ప. దాని పక్కనే ఎండిన చిన్న ఎముక, ఎముక చుట్టూ ఎర్రనార.

వాడికి ముందు అర్థం కాలేదు. తెలిసిన ముడి. తన కాలికి ఉన్న ముడే. అప్పుడు అర్థమైంది. బంగారయ్య పై చదువులు ఇక్కడే పూర్తయ్యాయి!

చీకట్లోంచి దుమ్ములగొండి లేచింది. ఎముకలు పటపట నమిలే ఆ దవడ చూసి ఏకాంబరం వీపు తనంతట తానే బిగుసుకుంది. లేవడానికి అక్కడ ముళ్లేవి?

"చెంగయ్యా, పరుగెత్తరా!" అని అరిచాడు.

చెంగయ్య గుహ వాకిలి వైపు చూశాడు. కాళ్లు మాత్రం కదలడం లేదు.

"ఎలాగరా? ప్రమాణం చేశానుగా!"

ఆ మాట విన్నాక ఏకాంబరానికి దుమ్ములగొండి కన్నా రంగనాయకులంటేనే ఎక్కువ భయమేసింది. నక్క గుహ ముందు తీరిగ్గా కూర్చుని ముంగాలు నాక్కుంటోంది. ఇంత సులువా? ఒక్క తీపిమాట, ఒక్క నార ముక్క, అంతేనా? ఇంకా ఎవరెవరు ఏమేం ఇచ్చారు? ఆ ఆలోచన దగ్గరే ఏకాంబరం ఆగాడు.

"అయ్యా," అన్నాడు దుమ్ములగొండితో. "తినబోయే ముందు ఒక్కమాట. తమరు వేటాడి ఎన్నాళ్లయింది?"

"వేటెందుకు? వీడు తెచ్చిపెడుతుంటే."

"గుహ దాటి రావద్దని చెప్పాడా?"

"దాటనని మాటిచ్చాను. నేను బయట తిరిగితే పిల్లలు బెదిరి బడి మానేస్తారన్నాడు. అయితే ఏంటి?"

"నా ముళ్లు తీసుకున్నాడు. వీడి పరుగు తీసుకున్నాడు. తమరి వేట తీసుకున్నాడు. రేపు వాడికి కోపమొచ్చి రాకపోతే తమరు ఈ గుహలోనే ఎండిపోతారు. మనం ముగ్గురం ఒక్కలాంటి తమ్ముళ్లమే అయ్యా!"

దుమ్ములగొండి తన గోళ్ల వంక చూసుకుంది. నడక మరిచి అవి పెరిగి వంకరపోయి ఉన్నాయి. పొట్ట నేలకు జారి ఉంది. తర్వాత మెల్లగా తల తిప్పింది.

"ఒరే రంగనాయకులూ! అందరం ఏదో ఒకటి ఇచ్చాం. నువ్వేం ఇచ్చావురా?"

వేరే ఎవరైనా అయితే కాళ్ల మీద పడేవారు. నక్కకు తన మాట మీద తనకు మహా నమ్మకం. నవ్వేసింది.

"అదేం ప్రశ్న పెద్దన్నా? నేను బుర్ర ఇస్తున్నానుగా!"

"అయితే ఆ బుర్రే ఇటు తే!"

దుమ్ములగొండి ఒక్క దూకు దూకింది. రంగనాయకులు కెవ్వుమని గుట్ట దిగి పరుగుతీశాడు. వెనకాలే దుమ్ములగొండి, ఇచ్చిన మాటను గుహలోనే వదిలేసి. ఏకాంబరం చెంగయ్య చెవి కొరికాడు.

"ప్రమాణం చేయించినవాడే పరుగెత్తుతున్నాడు, చూశావా? ఇక నీకెందుకురా ప్రమాణం!"

అప్పుడు కదిలాయి చెంగయ్య కాళ్లు.

ఇద్దరూ డిప్పను తెచ్చి ముందు పెట్టగానే గజేశ్వరమ్మ దాన్ని తొండంతో ఎత్తి చూసింది. "పై చదువులన్నారే," అంది. "నేను దీవించి పంపానే!" అడవిపందులు తల దించుకుని, "మాకు తెలియదమ్మా" అన్నాయి.

"అడిగారా?" అంది ఏనుగు. గుహకు బండరాయి అడ్డం పెట్టించి, దుమ్ములగొండిని అడవి ఎల్లలు దాటేదాకా తానే తరిమి వచ్చింది.

సగం తోక పోగొట్టుకున్న రంగనాయకులు అవతలి అడవికి చేరి, ఒక ముంగిసను "ఏం తమ్ముడూ" అని పలకరించాడు. ఆ తోక ఏమైందో ముందు చెప్పమంది ముంగిస. అంత గొప్ప మాటకారికీ ఆ ప్రశ్నకు మాట దొరకలేదు.

నీతి: ముళ్లు పీకి ముద్దు చేసేవాడు అన్న కాడు.