గవరయ్య తాత పానా

అప్పుడెప్పుడో, అంటే రాజులూ రాణులూ ఏలిన కాలం కాదులెండి, కంప్యూటర్ తెర వెనక గుమ్మడికాయంత బుర్ర ఉండే కాలంలో, మా గంటస్తంభం వెనక సందులో గవరయ్య అని ఒక రిక్షా తాత ఉండేవాడు. బక్కపల్చని మనిషి. బస్టాండులో బీరువా దిగినా, టీవీ దిగినా, కంప్యూటర్ దిగినా గవరయ్య రిక్షా ఎక్కి రావాల్సిందే.

ఆయనకి ఒక పట్టు ఉండేది. రిక్షా పానా ఎప్పుడూ సీటు కిందే ఉండాలి. సైకిలు ట్యూబు ముక్కతో అక్కడే బిగించి కట్టేవాడు. జాగ్రత్త కొద్దీ పెళ్లాం దాన్ని ఇంట్లో దాచిందా, ఇక ఆ పూట రామాయణమే.

"చైను ఊడేది దారిలోనే గానీ ఇంట్లో కాదే పిచ్చిదానా!" అనేవాడు.

ఆ సందులోనే నూకరత్నం అనే ఆవిడ ఇంటర్నెట్ సెంటర్ పెట్టింది. ఊరంతటికీ అదొక్కటే. కంప్యూటర్ గవరయ్య రిక్షా మీదే వచ్చింది. మెకానిక్ సూరిబాబు మూత తీసి, నెట్ వైరు గుచ్చే కార్డు లోపల బిగించాడు. ఆ కార్డు పెట్టెలో ఒక సీడీ కూడా వచ్చింది. అదే డ్రైవర్. డ్రైవర్ అంటే లారీ తోలేవాడు కాదర్రోయ్! కార్డు చెప్పేది కంప్యూటర్‌కి తెలియజెప్పే దుబాసీ అనుకోండి. దుబాసీ లేకపోతే ఆ రెండూ పక్కపక్కనే కూర్చుని మూగనోము పడతాయి.

సూరిబాబు ఆ సీడీ వాడాడు, పని అయింది, బల్ల మీద పడేశాడు.

గవరయ్య అన్నాడు: "నాయనా, దాంతో వచ్చింది దాంతోనే ఉండాలి కదా?"

"తాతా, ఇది రిక్షా కాదు."

"కాదులే. కానీ దీనికీ ఎప్పుడో చైను ఊడదా?"

సూరిబాబు నవ్వుకుంటూ టీకి పోయాడు. తిరిగొచ్చేసరికి తాత మూత బిగించేశాడు. మూతకి గాలి ఆడే చిల్లుల్లోంచి నల్లగా ట్యూబు ముక్కలు కనిపిస్తున్నాయి.

"ఏంటి తాతా, దీనికీ పంచరు వేశావా?" అన్నాడు సూరిబాబు. మూత గలగలలాడకుండా కట్టాడేమోలే అనుకున్నాడు. అంతే, మళ్లీ ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

మరి మా ఊళ్లో సీడీలు ఏమయ్యేవో చెప్పనా? కొన్ని టీ గ్లాసుల కిందికి పోయేవి. కొన్ని తళుక్కుమంటాయని మోటారు సైకిళ్ల వెనక ఎక్కేవి. మిగిలినవి చిలకలు బెదరాలని జామతోటలో వేలాడేవి. సీడీ అంటే అంత మర్యాద!

కొన్నాళ్లకి గవరయ్య పోయాడు. రిక్షా తుప్పు పట్టింది. సందులోకి ఆటోలొచ్చాయి. తాతని జనం మర్చిపోయారు.

ఇక అసలు సంగతి వినండి. ఒక వానాకాలం ఉదయం ఆ కంప్యూటర్‌కి వైరస్ పట్టింది. సూరిబాబు ధీమాగా "ఎంతసేపక్కా" అంటూ లోపలిదంతా తుడిచేసి, కొత్తగా విండోస్ ఎక్కించాడు. అంతా లేచింది. నెట్ మాత్రం లేవలేదు. డ్రైవర్ కూడా తుడుచుకుపోయిందన్నమాట!

సరిగ్గా అప్పుడే తడుచుకుంటూ సుజాత వచ్చింది. చేపలమ్మే మరియమ్మ కూతురు. నర్సు చదువుకి సీటు కోసం కాలేజీల పేర్లు కంప్యూటర్లో ఎక్కించాలి. సాయంత్రానికి గడువు అయిపోతుంది. పక్క ఊరికి పోదామంటే కాలువ పొంగి దారి మునిగింది.

"సూరిబాబన్నా, డ్రైవర్ నెట్‌లో దొరుకుతుందంట కదా?"

"దొరుకుతుందమ్మా. నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. డ్రైవర్ కావాలంటే నెట్ రావాలి."

"అంటే?"

"అంటే నా తలకాయ!"

మూత లాగి గోడకి ఆనించి, కార్డు మీద నంబరు చూశాడు. పాత కార్డు. ఆ కంపెనీయే ఇప్పుడు లేదు. ముందు తన సంచిలోని సీడీలన్నీ వేశాడు. కార్డు పలకలేదు. నెట్ ఎప్పుడో తీయించేసినా, అలాంటి కార్డే ఉన్న కాలేజీ మాస్టారింటికి పరిగెత్తాడు. ఆయన సీడీ టీ గ్లాసు కింద వేడికి వంకర తిరిగి ఉంది. కార్డు పలకలేదు. ఆఖరికి వానలోనే జామతోటకి పోయి, చెట్టెక్కి సీడీలు కోసుకొచ్చాడు. ఎండకి అన్నీ వెలిసిపోయాయి. కార్డు పలకలేదు.

నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. డ్రైవర్ కావాలంటే నెట్ రావాలి. పాపం, ఆ మాట ఇప్పుడు సుజాతే గొణుక్కుంటోంది.

"పోనీలే అన్నా. అమ్మతో పాటు గంప ఎత్తుకుంటాను" అని లేచింది.

నూకరత్నం ఇక చూడలేక, "మూసెయ్ సూరిబాబూ, ఇక మూసెయ్" అంటూ గోడకి ఆనించిన మూత తనే ఎత్తింది. ఎత్తి ఇటు తిప్పింది.

మూత వెనక, కాగితం కవరులో, సైకిలు ట్యూబు ముక్కలతో నాలుగు వైపులా కట్టేసి ఉంది సీడీ!

"ఒరే సూరిబాబూ!" అని పెద్ద కేక పెట్టింది.

సూరిబాబు చూశాడు. రబ్బరు కరిగి మూతకి అంటుకుపోయింది. నూకరత్నం బ్లేడు ఇవ్వబోయింది.

"వద్దక్కా. తాత కట్టింది" అని గోటితోనే మెల్లగా విప్పాడు.

సీడీ వేశాడు. అది తిరిగింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. తెర మూలన రెండు బుల్లి కంప్యూటర్లు మిణుకు మిణుకుమన్నాయి. కార్డు పలికింది!

సుజాత ఏడుస్తూనే కాలేజీల పేర్లు కొట్టింది. గడువు దాటకుండానే అందిందని తెర మీద వచ్చింది. హమ్మయ్య! నూకరత్నం కుర్చీలో కూలబడి, నవ్వలేక ఏడవలేక కొంగు నోట్లో కుక్కుకుంది. సూరిబాబు మాత్రం బయటికెళ్లి, తాత రిక్షా ఆపుకునే చోట వానలో నిలబడ్డాడు.

"చైను ఊడింది తాతా. పానా సీటు కిందే ఉంది" అన్నాడు.

సుజాత నర్సయింది. మా పెద్దాసుపత్రిలో ఇంజక్షన్ చేస్తే చీమ కుట్టినట్టు కూడా ఉండదు. నేనే సాక్షి!

అప్పటి నుంచీ మా సందులో ఏ కంప్యూటర్ మూత బిగించినా, దాని డ్రైవర్ సీడీ లోపల ట్యూబు ముక్కతో కట్టాల్సిందే. ఇప్పుడు సీడీలు పోయి వేలెడంత పెన్ డ్రైవులొచ్చాయి. అయినా కడతారు. కట్టి, మూత మీద రెండు తట్లు తట్టి, "తాతా, పానా సీటు కిందే ఉంది" అంటారు. రిక్షా ముఖం చూడని కుర్రాళ్లు కూడా అంటారు.

అంతెందుకు, మొన్న మా ఆవిడ కొత్త కుక్కర్ కొంది. దాంతో వచ్చిన రెండో రబ్బరు రింగుని కుక్కర్ పిడికే కట్టి, రెండు తట్లు తట్టింది. ఏమందో మీకు వేరే చెప్పాలా?