ఇరవై నాలుగు కళ్ల చిన్నది

అనగనగా ఒక అడవి. మీరనుకునే అడవి కాదు పిల్లలూ, కాళ్లు నీళ్లలో పెట్టుకుని నిలబడ్డ అడవి. ఏరు సముద్రంలో కలిసేచోట, బురదలో పెరుగుతుంది. దాన్ని మడ అడవి అంటారు. ఆ చెట్ల వేర్లు కొన్ని నేలలోంచి పైకి పొడుచుకుని వస్తాయి. ఎందుకు? ఊపిరి పీల్చుకోవడానికి. బురదలో గాలి ఆడదు కదా, అందుకు.

ఆ అడవి అంచున ఒక చెరువు. ఒకప్పుడు మనుషులు రొయ్యలు పెంచి, తరవాత వదిలేసిన చెరువు. దానికో పాత తూము ఉంది. తూము చెక్క సగం విరిగిపోయింది. అందుకని పోటు వేళ సముద్రపు నీళ్లు లోపలికి వస్తాయి. ఆటు వేళ బయటికి పోతాయి. పోటంటే నీళ్లు పెరగడం. ఆటంటే తగ్గడం. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, కథలో మళ్లీ మళ్లీ వస్తాయి.

ఆ చెరువులో ఒక కట్టుబాటు ఉండేది. పోటుతో పాటు కొత్తవాళ్లెవరైనా వస్తే, వాళ్ల ఆనవాలు చెప్పాలి. ఎంత ఉన్నారు, ఎలా ఉన్నారు, ఏం తింటారు, ఎవరికైనా హాని చేస్తారా, ఇదంతా అందరి ముందూ చెప్పాలి. ఎవరి ఆనవాలు వాళ్లు చెప్పుకోకూడదు. వేరొకరు చూసి చెప్పాలి. అది కూడా మూడు పోట్లు చూసి చెప్పాలి. విన్నాక చెరువు ఒప్పుకుంటే వేర్ల మధ్య చోటిచ్చి, పేరు పెడతారు. ఒప్పుకోకపోతే ఆటు వేళ తూములోంచి సముద్రంలోకి పంపేస్తారు.

ఆనవాళ్లు చెప్పే పెద్ద ధవళయ్య. ఆయనొక ముసలి కొంగ. మొదట్లో మూడు పోట్లూ ఓపిగ్గా నిలబడి చూసేవాడు. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్నాక రెండు పోట్లు చాలనుకున్నాడు. తరవాత ఒకటి చాలనుకున్నాడు. ఈమధ్య ఎగురుతూ ఎగురుతూ పైనుంచి ఓసారి చూసి చెప్పేస్తున్నాడు. ఇదేమిటని ఎవరూ అడగలేదు. ధవళయ్య తాత చెప్పాడంటే ఇంక అంతే.

ఒకరోజు పోటుతో పాటు తూములోంచి ఒక చిన్న జెల్లీ చేప వచ్చింది. పేరులో చేప ఉంది గాని, అది చేప కాదు. ముల్లు లేదు, పొలుసు లేదు, మొప్ప లేదు. ఒళ్లంతా నీళ్లలాంటి మెత్తటి ముద్ద. ఈ జెల్లీ చేప అయితే మీ చిటికెన వేలి గోరంతే ఉంది. నీళ్లలో ఉంటే నీళ్లే అనుకోవాలి.

అక్కడ ఒక వేరుకి అతుక్కుని సత్తెమ్మ అనే నత్త ఉంది.

"అత్తా, ఇక్కడ ఉండొచ్చా?" అని వినబడింది.

సత్తెమ్మ అటూ ఇటూ చూసింది. "ఎవరే అదీ? కనబడవేం?"

"నీ ఎదురుగానే ఉన్నాను అత్తా. సముద్రంలో అలలు నన్ను చితక్కొట్టేస్తున్నాయి. ఇంకొక్క పెద్ద అల తగిలితే నేనుండను. ఇక్కడ నీళ్లు కదలకుండా ఉన్నాయి. వేర్ల మధ్య ఎండ పడుతోంది. ఆ ఎండలో ధూళిలాంటి పురుగులు తేలుతున్నాయి. అవే నా తిండి."

"ఉండడానికేం, ఉండు తల్లీ. ముందు నీ ఆనవాలు చెప్పాలి. ధవళయ్య తాత వస్తాడులే," అంది సత్తెమ్మ.

సాయంత్రం ధవళయ్య వచ్చాడు. చెరువు మీద ఒక్క చుట్టు తిరిగాడు. కిందికి చూశాడు. గబగబా వచ్చి గట్టు మీద వాలాడు.

"అమ్మో! పళ్లెమంత ఉంది. మూరెడేసి దారాలు వేలాడుతున్నాయి. పోయినేడు వచ్చిందే, కుట్టే జెల్లీ చేప, అదే జాతి!"

పైడమ్మ రొయ్య కెవ్వుమంది. పోయినేడు వచ్చిన ఆ పెద్ద జెల్లీ చేప ఆమె పిల్లల్ని కుట్టింది. ముగ్గురు పిల్లలు పోయారు. పైడమ్మ భయం ఉత్తుత్తి భయం కాదు పిల్లలూ. దాన్ని మనం వేళాకోళం చెయ్యకూడదు.

"నేను అంత లేనండీ!" అని నీళ్లలోంచి సన్నటి గొంతు వినబడింది. అందరూ అటు చూశారు. ఎవరికీ ఏమీ కనబడలేదు.

"విన్నారా? కనబడకుండా మాట్లాడుతోంది. దొంగది!" అన్నాడు నూకరాజు. నూకరాజు పీత. కాలు పెద్దది, నోరు అంతకన్నా పెద్దది. "ఆటు మొదలవగానే తూములోంచి తోసేద్దాం. నేనే తోస్తాను."

అప్పుడు సత్తెమ్మ మెల్లగా కొమ్ములు పైకెత్తింది. "తాతయ్యా, మూడు పోట్లు చూసి చెప్పాలని కదా కట్టుబాటు? ఇంకా ఒక్క పోటే అయింది."

ధవళయ్య మెడ నిటారుగా అయింది. "నా కళ్ల మీద అనుమానమా సత్తెమ్మా?"

"మీ కళ్లని కాదు తాతయ్యా. నాకూ రెండున్నాయి గదా, వాటితో కూడా ఓసారి చూస్తానంటున్నాను."

నూకరాజు పగలబడి నవ్వాడు. "నువ్వా? ఈ వేరు మీంచి ఆ వేరు మీదకి వెళ్లడానికే నీకు మూడు పోట్లు పడతాయి!"

"అందుకేరా, దారిలో అన్నీ కనబడతాయి నాకు," అంది సత్తెమ్మ.

కట్టుబాటు కట్టుబాటే. అందరూ సరేనన్నారు. ఇక నుంచి మూడు పగటి పోట్లు గడువు. మూడో పోటు అయ్యాక సత్తెమ్మ ఆనవాలు చెప్పాలి. చెరువు ఒప్పుకోకపోతే ఆ ఆటుకే చిన్నది బయటికి. బయట అలలు.

మొదటి పోటు వచ్చింది. సత్తెమ్మ వేరు దిగి చూసింది. నీళ్లు. మళ్లీ చూసింది. నీళ్లే.

"నేనిక్కడ అత్తా," అంది చిన్నది.

"నిన్ను చూడాలంటే ఎలాగే? నీలోంచి అవతలి గట్టు కనబడుతోంది!"

సత్తెమ్మ ఆలోచించింది. పక్కనే నీటిలో ఒక మడ ఆకు ఎండి నల్లబడి పడి ఉంది. మనం పలక మీద తెల్ల సుద్దతో రాస్తే అక్షరం ఎంత బాగా కనబడుతుంది? గోడకి వేసిన సున్నం మీద రాస్తే కనబడుతుందా? అదే సంగతి.

"ఆ ఆకు ముందుకి రా తల్లీ."

చిన్నది వచ్చింది. గాజు పెట్టెలా నాలుగు మూలలతో ఎంత ముద్దుగా ఉందో! నత్త కొమ్మంత పొడుగు, అంతే. ఊపిరి తీసినట్టు ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. అలా ముడుచుకున్నప్పుడల్లా ముందుకి పోతోంది.

రెండో పోటు. సత్తెమ్మ దారాలు లెక్కపెట్టింది. మొదటి మూల, మూడు. రెండో మూల, మూడు. మూడో మూల, మూడు. ఇంతలో మబ్బు పట్టింది. నాలుగో మూల కనబడలేదు.

"అక్కడా మూడే అత్తా. పన్నెండని చెప్పెయ్," అంది చిన్నది.

"నువ్వు చెప్పింది వేరు, నేను చూసింది వేరు. ఇవాల్టికి తొమ్మిదే. రేపు చూస్తాను."

మూడో పోటు. ఎండ బాగా కాసింది. నాలుగో మూలనా మూడే. మొత్తం ఎన్ని? చెప్పండి. ఆఁ, పన్నెండు. అప్పుడే ఇంకొకటి కూడా చూసింది సత్తెమ్మ. పెట్టెకి నాలుగు పక్కలుంటాయి కదా. ఒక్కో పక్కన నల్లటి చుక్కలు. ఆవగింజలో పదో వంతు. ఆరేసి చుక్కలు.

"ఇవేమిటే?"

"కళ్లు అత్తా."

"ఇరవై నాలుగు కళ్లా! అందుకేనా వేర్ల మధ్యన ఒక్క వేరుకీ తగలకుండా తిరుగుతున్నావు!" అంది సత్తెమ్మ. తరవాత గొంతు తగ్గించి అడిగింది. "ఇంకొక్కటి చూడాలి తల్లీ. నువ్వు కుడతావా?"

చిన్నది తన దారాలు దగ్గరికి లాక్కుంది.

"కుడతాను అత్తా. కుట్టకపోతే నా తిండి పారిపోతుంది."

సత్తెమ్మ తన కొమ్ము చాపి ఒక దారానికి తాకించింది. చిమచిమలాడింది. పది లెక్కపెట్టేలోగా తగ్గిపోయింది.

"అత్తా, ఇది చెప్పకపోతేనో? నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు," అంది చిన్నది.

సత్తెమ్మ తూము వైపు చూసింది. చెబితే ఈ పిల్లని తోసేస్తారు. తోసేస్తే అలల్లో చితికిపోతుంది. చెప్పకపోతే? ధవళయ్య తాత లేనిది చెప్పాడు. నేను ఉన్నది దాస్తాను. ఇద్దరిదీ ఒకటే తప్పు కదా, అనుకుంది.

"నీ గురించి మొత్తం చెబుతాను తల్లీ. భయంగా ఉందా?"

"భయంగానే ఉంది. కానీ ఇంతవరకూ నన్ను చూసింది నువ్వొక్కదానివే. నీ ఇష్టం అత్తా," అంది చిన్నది.

సాయంత్రం అందరూ తూము దగ్గర చేరారు. నీళ్లు బయటికి పోవడానికి సిద్ధంగా ఉన్నాయి. సత్తెమ్మ చెప్పడం మొదలుపెట్టింది.

"నా కొమ్మంత ఉంది. పెట్టెలా నాలుగు మూలలు. మూలకి మూడేసి దారాలు, పన్నెండు. పక్కకి ఆరేసి కళ్లు, ఇరవై నాలుగు. ఎండలో తేలే పురుగుల్ని తింటుంది. రాత్రి వేళ ఏం చేస్తుందో నేను చూడలేదు. ఎక్కడ పుట్టిందో నాకు తెలీదు." తన కొమ్ము చాపి చూపించింది. "కుడుతుంది. నన్ను కుట్టింది. చిమచిమలాడి, పది లెక్కపెట్టేలోగా తగ్గింది."

"అదిగో! కుడుతుందట!" నూకరాజు కాలు పైకెత్తాడు. "నేను చెప్పలేదూ? తప్పుకోండి, తోసేస్తాను!"

ఆటు మొదలైంది. తూము వైపు నీళ్లు లాగుతున్నాయి. చిన్నది మెల్లగా జారిపోతోంది. సత్తెమ్మ కళ్లు మూసుకుంది.

"ఆగు నూకరాజూ!"

అన్నదెవరో తెలుసా? పైడమ్మ రొయ్య.

"ఈవిడకి ఆ పిల్లంటే ఎంత ఇష్టమో మూడ్రోజులుగా చూస్తున్నాను. అయినా కుడుతుందన్న మాట దాచలేదు. రాత్రి సంగతి తెలీదని కూడా చెప్పింది. అంత పట్టింపుగా చెప్పినావిడ మిగతాది మాత్రం కల్పించి చెబుతుందా? నేనే చూస్తాను," అంది పైడమ్మ.

వణుకుతూ ముందుకొచ్చి తన మీసం చాపింది. మీసం తాకింది. ఒకటి, రెండు, మూడు... ఏడు దగ్గర పైడమ్మ ముఖం విచ్చుకుంది.

"ఓస్, ఇంతేనా! మా పిల్లలు నా వీపెక్కి గెంతితే ఇంతకన్నా గుచ్చుకుంటుంది!"

అందరూ నవ్వేశారు. ధవళయ్య ఒక్కడూ నవ్వలేదు. మెల్లగా నీళ్లలోకి దిగాడు. మెడ వంచాడు. ముక్కు నీళ్లకి తగిలేంత కిందికి వంగి, నల్లాకు ముందు చిన్నదాన్ని చూశాడు. ఆ తరవాత చెరువు అడుగుకి చూశాడు. అక్కడ బురద మీద, వాలిన ఎండలో, చిన్నదాని నీడ పళ్లెమంత సాగి ఉంది. దానికి మూరెడేసి దారాలు.

"నేను నీడకి ఆనవాలు చెప్పాను," అన్నాడు ధవళయ్య. "పిల్ల కనబడలేదని చెప్పి ఊరుకోవలసింది. నీడ కనబడింది కదా అని అదే పిల్ల అన్నాను. సత్తెమ్మా, నువ్వు అడ్డుపడకపోతే నా మాట మీద ఒక ప్రాణం పోయేది. నీకు దణ్ణం తల్లీ."

"పెద్దవాళ్లు, నాకు దణ్ణమేమిటి తాతయ్యా! చూడడం ఎలాగో మొదట ఈ చెరువుకి నేర్పింది మీరే. మీరు మరిచిపోయారు, మేం గుర్తుపెట్టుకున్నాం," అంది సత్తెమ్మ. "పేరు మీరే పెట్టండి."

ధవళయ్య తొందరపడలేదు. చాలాసేపు చూశాడు. "మడచుక్క," అన్నాడు చివరికి.

నూకరాజు ఏం చేశాడంటారా? తోసేస్తానన్న ఆ పెద్ద కాలితోనే తూము దగ్గర బురద పోగేసి, చిన్నది జారిపోకుండా కట్ట వేశాడు. "నేను ముందే అనుకున్నాను, మంచి పిల్లే అని," అని గొణిగాడు. ఎవరూ కాదనలేదు పాపం.

మడచుక్క సత్తెమ్మ దగ్గరికి వచ్చింది. "అత్తా, నాకు ఇరవై నాలుగు కళ్లున్నాయి. వేర్లు కనబడతాయి, వెలుగు కనబడుతుంది. కానీ అన్ని కళ్లతోనూ నన్ను నేను ఒక్కసారి కూడా చూసుకోలేదు. నేనెలా ఉంటానో నువ్వు చెబితేనే తెలిసింది. నీ రెండు కళ్లకీ నేను రుణపడి ఉంటాను."

సత్తెమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగింది. చిమచిమలాడినా సరే, కొమ్ము చాపి ఒకసారి నిమిరింది.

ఆ తరవాత ఆ చెరువులో ఆ నల్లాకుని ఎవరూ తియ్యలేదు. అది చివికిపోతే పైడమ్మ ఇంకోటి తెచ్చి పెట్టేది. కొత్తవాళ్లు వస్తే ధవళయ్య ఇప్పుడు పైనుంచి చూడడు. నీళ్లలోకి దిగి, మెడ వంచి, ఆకు పక్కన మూడు పోట్లూ నిలబడతాడు. ఆయన పక్కన ఒక నత్త ఉంటుంది. ఇద్దరి మధ్యా గాజు చుక్కలా ఏదో మెరుస్తూ ఉంటుంది. వంగి చూస్తేనే కనబడుతుంది.

నీతి: ఒకరి గురించి చెప్పేటప్పుడు ఓపిగ్గా చూసి, చూసినంతే చెప్పాలి. భయంతో పెంచకూడదు, ఇష్టంతో దాచకూడదు. మనల్ని అలా చూసినవాళ్ల మేలు ఎన్నటికీ మరవకూడదు.