నరహరి పంతులు ఉత్తరీయం

నూకరత్నానికి ఇరవై రెండేళ్లు. వడ్లు దంచుతూ రోకటి పోటుకొక ఇంగ్లీషు క్రియ వల్లె వేసేది. అక్కకు కాన్పు కష్టమైతే, ముట్టుకోనంటూ మగ వైద్యుడు గడప దగ్గరే ఆగిపోయాడు. అక్క చచ్చిపోయింది. అందుకే తను వైద్యం నేర్వాలనుకుంది. సంస్థానం వైద్యశాలలో చేరాలంటే ముందు ఇంగ్లీషు వ్యాకరణ పరీక్ష గట్టెక్కాలి. నాడి చూడడానికి వ్యాకరణమెందుకో ఎవరూ అడగలేదు.

పరీక్ష గదిలో ఎవరు తెలుగు పలికినా మాటకి ఏడాది చొప్పున బయటే ఉండాలని పరీక్షాధికారి నరహరి పంతులు నిబంధన. కిందటేడు కలం చెక్కే కత్తి వేలికి దిగి, నూకరత్నం "అమ్మా!" అంది. అంతే, గెంటేశాడు.

ఈ ఏడు దివానుగారు కూడా వచ్చి కూర్చున్నారు. పంతులు చుట్ట కాలుస్తూ ప్రశ్నలడుగుతుంటే నిప్పురవ్వ ఆయన ఉత్తరీయం మీద పడింది.

"అయ్యా, తమ ఉత్తరీయం అంటుకుంది," అంది నూకరత్నం ఇంగ్లీషులో.

ఆడగొంతు వినపడితే చాలు, పంతులుకి తప్పే వినపడేది. "తప్పు! మళ్లీ చెప్పు," అన్నాడు ఇంగ్లీషులోనే.

ఆమె మళ్లీ నింపాదిగా చెప్పింది. ఈలోగా మంట భుజానికెక్కింది.

"చచ్చాన్రోయ్! నీళ్లు, నీళ్లు తేవే!" అని తెలుగులో గావుకేక పెట్టాడు.

నూకరత్నం కూజాడు నీళ్లు ఆయన మీద కుమ్మరించి, తలుపు బార్లా తీసింది. "నా ఒక్క మాటకి ఏడాది. తమరివి నాలుగు మాటలు. నాలుగేళ్లు బయటికి దయచేయండి," అంది ఇంగ్లీషులోనే.

"ఒళ్లు కాలుతుంటే ఏ భాషలో అరవాలండీ!" పంతులు దివానుతో మొరపెట్టుకున్నాడు.

"వేలు తెగినప్పుడు నేనూ అలాగే అరిచాను," అంది నూకరత్నం.

"నిబంధన మీరు పెట్టిందే కదా, లేవండి పంతులూ," అన్నారు దివానుగారు. మిగతా ప్రశ్నలు ఆయనే అడిగి, ఆమెను వైద్యశాలలో చేర్చుకున్నారు.

తర్వాత వైద్యశాల పెత్తనం చేతికొచ్చిన రోజే నూకరత్నం ఆ పరీక్ష ఎత్తేసింది.