పేర్రాజు ఎడమ భుజం

"ఈ భుజం మళ్ళీ ఎప్పటికి నాదవుతుందండీ?" అని అడిగాడు పేర్రాజు. అడగడం అది మొదటిసారి కాదు. మా గురువుగారు శేషావధాని గారికి ఒక అలవాటుంది. జవాబు తెలియని ప్రశ్న వస్తే తెలిసినట్టు ముఖం పెట్టరు, "ఊఁ" అని ఊరుకుంటారు. ఆ "ఊఁ"లో వేదాంతం వెతికి తలనొప్పి తెచ్చుకోవడం శిష్యులుగా మా వంతు.

పేర్రాజు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పతకాల కోసం ఈదినవాడు కాడు, ఉత్త సరదా ఈతగాడు. తెల్లవారగానే గోదావరిలో దిగి, ఎదురుగా ఉన్న ఇసుక తిప్పదాకా బారలు వేసుకుంటూ పోయి, తిరిగొచ్చి, తల తుడుచుకుని గురువుగారి దగ్గర పాఠానికి కూర్చునేవాడు. భార్య పోయాక ఆ మనిషికి మిగిలిన సుఖం ఆ నీళ్ళే. అలాంటివాడికి ఒకనాడు బస్సు మీదికి పెట్టె అందిస్తుంటే ఎడమ భుజం కీలు జారింది. సరిచేయించుకున్నాడు గాని, ఒకసారి దారి మరిగిన కీలు ఊరుకుంటుందా? చొక్కా తొడుక్కుంటుంటే జారేది, నిద్రలో పక్కకు ఒత్తిగిలితే జారేది, ఆఖరికి నీళ్ళలో బార వెయ్యబోతే కూడా జారేది. ఎముకల డాక్టరు ఏవో కసరత్తులు నేర్పి, చెయ్యి తల మీదికెత్తే ఈత ఇక మానుకోమన్నాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఇప్పుడు తన భుజాన్ని తనే వెక్కిరించుకుంటాడు గాని, అప్పట్లో ఈ సంగతి ఒక్కరితోనూ అనలేదు. అంటే నీళ్ళలోకి దిగనివ్వరని భయం.

చిట్టబ్బాయితోనూ అనలేదు. చిట్టబ్బాయి కొబ్బరికాయల వ్యాపారి, లాగుల వయసునుంచీ పేర్రాజుతో కలిసి ఈదినవాడు. మా రేవు మెట్లకు పాచి ఎక్కువ. అందుకని ముందు గట్టెక్కినవాడు వెనకవాడికి చెయ్యివ్వడం అక్కడి ఆనవాయితీ. ఒకరోజు చిట్టబ్బాయి ముందెక్కి, ఎప్పటిలాగే వంగి చెయ్యి చాపాడు. పేర్రాజు ఎప్పుడూ ఇచ్చేది ఎడమ చెయ్యి. కొత్తగా కుడిచెయ్యి ఇస్తే ఎందుకని అడుగుతాడేమోనని ఆ ఎడమ చెయ్యే ఇచ్చాడు. చిట్టబ్బాయి ఒక్క లాగు లాగాడు. పేర్రాజు పెట్టిన కేకకు రేవులో బట్టలుతుకుతున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. చిట్టబ్బాయి పట్టులో ఆ చెయ్యి చచ్చిన చేపలా వేలాడింది. ఆ మర్నాటినుంచి చిట్టబ్బాయి రేవు మొహం చూడలేదు.

పేర్రాజు మళ్ళీ భుజం ప్రశ్న వేసిన ఆ పూట గురువుగారు "ఊఁ" అనలేదు.

"చిట్టబ్బాయి రేవుకు రావడం లేదేం?" అన్నారు.

"వాడి తప్పేం లేదని కబురంపానండి. అయినా రావట్లేదు."

"కబురంపావా," అని ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు. పేర్రాజూ నేనూ వెంట నడిచాం.

చిట్టబ్బాయి తన ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అప్పుడప్పుడే నడక నేరుస్తున్న మనవరాలు గోడ పట్టుకుని తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి, తాతవైపు చేతులు చాపింది. అతను చప్పున తన రెండు చేతులూ చంకల్లో దోపుకున్నాడు. పిల్ల కూలబడి ఏడుపు లంకించుకుంది. అతని భార్య కనకమ్మ లోపలినుంచి పరుగెత్తుకొచ్చి పిల్లను ఎత్తుకుంది.

"చూశారా అన్నయ్యగారూ, ఇదండీ వరస," అంది పేర్రాజుతో. "పిల్లని చెయ్యట్టుకుని నాలుగడుగులేయించండి అంటే, నా చెయ్యి మంచిది కాదే, పట్టుకుంటే ఊడొచ్చేత్తాది అంటారు. మీరెట్టిన కేక ఇప్పటికీ చెవులో వినపడతందంటండీ."

పేర్రాజు అరుగెక్కాడు. వెళ్ళి స్నేహితుడి పక్కన కూర్చున్నాడు.

"ఒరే చిట్టీ, నువ్వు లాగడం వల్ల పాడైంది కాదురా. అంతకుముందే చాలాసార్లు జారింది. నీళ్ళలోకి దిగనివ్వవని నీకు చెప్పలేదు."

చిట్టబ్బాయి అతనివైపు తిరిగాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది.

"చెప్పుంటే కుడిచెయ్యి పట్టుకుందును గదరా," అన్నాడు.

పేర్రాజు మోకాళ్ళలో తలపెట్టుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. గురువుగారు మాత్రం కనకమ్మను మంచినీళ్ళడిగి తాగి, వెళ్ళొస్తామమ్మా అన్నారు.

మర్నాడు చిట్టబ్బాయి రేవుకు వచ్చాడు. నీళ్ళలోకి దిగలేదు, పై మెట్టు మీద కూర్చున్నాడు. పేర్రాజు ఎడమ చేతిని పక్కకు అదుముకుని, ఒక్క కుడిచేత్తో ఒడ్డు వెంబడే కాసేపు ఈదాడు. తిప్పవైపు ఒక్కసారి చూసి తల తిప్పేసుకున్నాడు. తరవాత మెట్ల దగ్గరికొచ్చి పైకి కుడిచెయ్యి చాపాడు. చిట్టబ్బాయి కిందికి దిగి వచ్చాడు, వంగాడు కూడాను. చెయ్యి మోకాలిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

"నా వల్ల కాదురా. నువ్వే ఎక్కు, నేను చూత్తా ఉంటాను," అన్నాడు.

పేర్రాజు చిన్నపిల్లాడిలా చతికిలబడి, ఒక్కొక్క మెట్టే వెనక్కి జరుగుతూ పైకొచ్చాడు. చిట్టబ్బాయి అతనితోపాటే మెట్టు మెట్టుకూ ఎక్కుతూ, కండువా మాత్రం అందించాడు.

ఆ పూట పాఠం అయ్యాక పేర్రాజు కదల్లేదు. ఇక భుజం ప్రశ్న వస్తుందనుకుని గురువుగారి "ఊఁ" కోసం సిద్ధంగా ఉన్నాను.

"వాడు మళ్ళీ ఎప్పటికి చెయ్యిస్తాడంటారండీ?" అన్నాడు పేర్రాజు.

"తెలియదు నాయనా," అన్నారు గురువుగారు. "రేపు కూడా కుడిచెయ్యే చాపు."