పహరా దింపిన జమేదారు కదిరప్ప

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త సాలమ్మ. జొన్నలు విసురుతా చెప్పింది. తర్వాత చాలామంది చాలా రకాలుగా చెప్పినారు. ఒకాయన కథలో ఏనుగును కూడా పెట్టినాడు. ఏనుగు లేదు. సాలమ్మ చెప్పిందే కథ.

కొండకొక రాజు ఉన్న కాలం, మాటకు కాగితం అక్కరలేని కాలం. ఆ కాలంలో గుండ్లదిన్నెలో కదిరప్ప అని ఒక జమేదారు ఉండేవాడు. జమేదారంటే నూరుమంది సిపాయిలకు పెద్ద. పుట్టుకతో పెద్ద కాదు. ముందు గుర్రాలకు గడ్డి కోసినాడు, తర్వాత ఈటె మోసినాడు, ఆ తర్వాతే ఎర్ర తలపాగా కట్టినాడు. ముప్పై ఏండ్ల కొలువు. మూడు యుద్ధాలు.

ఆ దండులో ఒక కట్టుబాటు ఉండేది. పహరా నిలబెట్టినోడే పహరా దింపాల. వాన వచ్చినా సిపాయి దిగడు. ఎండ కాల్చినా దిగడు. రాజే వచ్చి దిగమన్నా దిగడు. నిలబెట్టినోడే దింపాల.

మూడో యుద్ధం అయిపోయినాక రాజు పిలిపించినాడు.

"కదిరప్పా, ఏం కావాల? ఊరు కావాల్నా, పొలం కావాల్నా, పల్లకీ కావాల్నా?"

"సెలవు కావాల దొరా. నా పిల్లోళ్లు ఎట్లున్నారో చూసుకోవాల."

పిల్లోళ్లంటే కన్నోళ్లు కాదు, వెంట నడిచిన సిపాయిలు. తలపాగా విప్పి కూతురి చేతికిచ్చి, కర్ర పట్టుకుని ఊర్ల మీద పడినాడు.

యుద్ధానికి పోయినోళ్లు ఇంటికొచ్చినారు గాని, ఇంట్లోకి రాలేదు. పుల్లన్న అనేవాడు రోకలి చప్పుడైతే మంచం కింద దూరేవాడు. మారెన్న అనేవాడు ముద్దలో సగం పక్కన పెట్టి, చచ్చిపోయిన జతగాడి కోసం కాచుకునేవాడు. ఊరోళ్లు దయ్యమన్నారు. వేపమండలతో బాదించినారు.

కదిరప్ప బాదలేదు. తాయెత్తు కట్టలేదు. మొదటి రోజు పక్కన కూర్చునేవాడు, పలకడు. రెండో రోజు పక్కన కూర్చునేవాడు, ఆకూవక్కా ఇచ్చేవాడు. మూడో రోజు పక్కన కూర్చుని, "చెప్పురా, నేనూ ఆడనే ఉంటి గదా" అనేవాడు. అంతే. వాళ్లు చెప్పేవాళ్లు, ఏడ్చేవాళ్లు, లేచి పనికి పోయేవాళ్లు. పుల్లన్న రోటి దగ్గర కూర్చుని పెండ్లాంతో సరసమాడినాడు. మారెన్న ఆ సగం ముద్ద తీసుకపోయి జతగాడి తల్లికి పెట్టినాడు.

ఒక మంగళవారం పొద్దున ఈరమ్మ అనే ఆడమనిషి వచ్చి కాళ్ల మీద పడింది.

"జమేదారు మామా, నా మొగుడు సుంకన్న మీ దండులోనోడే. మాది కొండదారి కింది ఊరు. యుద్ధం అయిపోయి మూడేండ్లాయె, ఆయప్ప దారిలో ఈటె పట్టుకుని నిలబడే ఉండాడు. సంగటి ఆడికే తీసుకపోతా, నిలబడే తింటాడు. నిద్రొస్తే బండకు ఆనుకుంటాడు. నిన్న పెత్తందారు వెంగళప్ప బండికి అడ్డం పడినాడు. శుక్రవారం సంకెళ్లేసి అడవిలో కట్టేసి వస్తాడంట. పులులు తిరిగే అడవి మామా!"

కదిరప్ప పోయినాడు. మంగళవారం పక్కన కూర్చున్నాడు. బుధవారం కూర్చుని ఆకూవక్కా ఇచ్చినాడు. గురువారం, "చెప్పురా, నేనూ ఆడనే ఉంటి గదా" అన్నాడు. సుంకన్న చూపు దారి మీద నుంచి కదల్లేదు.

వెంగళప్ప వచ్చి నవ్వినాడు. "ఏం జమేదారూ, బండరాయికి పాఠం చెప్తాండావా? రేపు సంకెళ్లు తెస్తా. నీకూ ఒక జత తేవాల్నా?"

వాడు పోయినాక కదిరప్ప లేచి నిలబడినాడు. ఎప్పుడూ అడగని మాట అడిగినాడు.

"సిపాయీ, నిన్నీడ నిలబెట్టిందెవరు?"

సుంకన్న వెన్ను నిటారుగా చేసినాడు. "జమేదారు కదిరప్ప!"

కదిరప్పకు ఇప్పుడు గుర్తొచ్చింది. మూడో యుద్ధంలో దండు వెనక్కి తిరిగిననాడు, "ఈ దారి తెలిసినోడెవడు?" అని అడిగితే ఒకడు ముందుకొచ్చినాడు. "నేనొచ్చేదాకా పగవాణ్ణి దాటనీయొద్దు" అని వాణ్ణి నిలబెట్టి గుర్రమెక్కినాడు. వాని మొగమైనా సరిగా చూడలేదు. ఆ పొద్దే బాణం తగిలింది. సిపాయిలు ఆయన్ను వేరే దారిన మోసుకపోయినారు. మళ్లీ ఈ దిక్కుకు రాలేదు.

"నేనేరా ఆ కదిరప్పను!"

సుంకన్న పైనుంచి కిందికి చూసినాడు. "మా జమేదారుకు ఎర్ర తలపాగా ఉంటుంది. నీకు బట్టతల ఉంది. పక్కకు పో తాతా, ఇది దండు దారి."

కదిరప్ప పరుగున ఇంటికి పోయినాడు. తలపాగా దూలానికి ఉయ్యాలై వేలాడుతోంది. లోపల మనవడు.

"నాయనా, ఇప్పుడే పండుకోబెట్టినా! ముట్టుకున్నావంటే ఊరుకోను" అని కూతురు అరిచింది.

"ఒకడు మూడేండ్లుగా పండుకోలేదు తల్లీ. పండుకోనీయనిది నేనే."

కూతురు బిడ్డను భుజానేసుకుని ముడి విప్పింది.

శుక్రవారం పొద్దెక్కింది. కింది నుంచి వెంగళప్ప సంకెళ్లతో వచ్చినాడు. పై నుంచి కదిరప్ప ఎర్ర తలపాగాతో వచ్చినాడు, వెనకాల రాత్రికి రాత్రే పిలిపించుకున్న పుల్లన్న, మారెన్న, ఇంకా ఇరవైమంది వరసగా అడుగు కలిపి.

"సిపాయీ! ఏం సమాచారం?"

"మూడేండ్లు జమేదారూ. పగవాడు ఒక్కడు దాటలేదు."

"నువ్వుండగా ఎట్ల దాటుతాడ్రా?"

కదిరప్ప తలపాగా కట్టిన తలను సిపాయి ముందు వంచినాడు. ఇరవైమందీ చూస్తాండంగానే వంచినాడు. "నిలబెట్టి మరిచిపోతి. తప్పు నాది. సుంకన్నా, నీ పహరా అయిపోయింది. దిగు."

"నా చోట ఎవరు జమేదారూ?"

"నేను." ఈటె అందుకున్నాడు.

సుంకన్న ఈటె వదిలి పక్కకు దిగినాడు. ఈరమ్మ వచ్చి పట్టుకుంది. ఇరవైమంది వరసగా నడిచి వాణ్ణి ఇంటికి చేర్చినారు, కేకలేసుకుంటా, ఈలలేసుకుంటా. సుంకన్న చాపమీద నడుం వాల్చి మూడు రోజులు నిద్రపోయినాడు. నాలుగోనాడు లేచి, పెండ్లాన్ని పేరు పెట్టి పిలిచినాడు.

ఆ శుక్రవారం సుంకన్న దిగిపోయినాక దారిలో వెంగళప్ప అట్లనే నిలబడినాడు. "ఇంగ నా బండికి దారి వదలండి" అన్నాడు.

"ఇప్పుడీడ పహరా నాది" అన్నాడు కదిరప్ప. "సంకెళ్లు కింద పెట్టి దాటు."

పెట్టినాడు. దాటినాడు.

ఆ కొండదారి ఊర్లలో ఈ పొద్దుకూ దండు నుంచి ఎవరు తిరిగొచ్చినా నేరుగా ఇంట్లోకి రానీయరు. ఒక పెద్దమనిషి తలకు ఎర్రగుడ్డ చుట్టుకుని పొలిమేరకు పోతాడు. వచ్చినోని మూట తన భుజానికెత్తుకుని, "నీ పహరా అయిపోయింది. దిగు" అంటాడు. ఆ తర్వాతే ఆడోళ్లు దిష్టి తీస్తారు. నెలలకొద్దీ రోగిని కనిపెట్టుకున్న మనిషి చివరికి పడుకుని నిద్రపోతే, "కదిరప్ప దింపినాడు, లేపొద్దు" అంటారు.

అయితే ఆ దారిలో ఒక రాయి ఉంది. "ఈ దారి తెరిపించినవాడు వెంగళప్ప" అని దానిమీద చెక్కి ఉంది. నాకు చదువు అంతంత మాత్రం. అందుకని ముగ్గురి చేత చదివించినా. ముగ్గురూ అదే చదివినారు. వెంగళప్ప వంశమోళ్లను మూడుసార్లు అడిగినా, మూడుసార్లూ నవ్వినారు. వాళ్ల పెండ్లిండ్లకు నేను పోలేదు, పోను. అక్షరం వచ్చి, ఉలి పట్టడం వచ్చినోళ్లు ఎవరన్నా ఉంటే ఆ పేరు గీకేయండి. జమేదారు కదిరప్ప అని చెక్కండి. పక్కన సుంకన్న పేరు కూడా చెక్కండి, చిన్న అక్షరాలతో కాదు.