నక్క ఊఁ అన్నచోటల్లా కట్టు

తుమ్మలదిబ్బ మీద జంతువులకు మాటలెలా వచ్చాయని అడగొద్దు. వచ్చాయి, అంతే. పైగా ఒకసారి నోరు తెరిస్తే ఓ పట్టాన ఆపేవి కూడా కావు. ఆ దిబ్బకు ఒకపక్క పంటకాలువ, ఇంకోపక్క గోగుచేలు. మధ్యలో తుమ్మచెట్ల నీడన ముసలి ఎద్దు పోలన్న పిల్లజీవాలకు బడి నడిపేవాడు. అక్షరాల బడి కాదు, స్కౌట్ల దళం.

ఎద్దేమిటి, స్కౌట్లేమిటి అంటారా? కిందటేడు చలికాలంలో ఊళ్లో బడిపిల్లలు ఆ దిబ్బ మీద స్కౌట్ క్యాంపు పెట్టుకున్నారు. వాళ్ల డేరాలు తెచ్చిన బండి పోలన్నదే. మెడ మీది కాడి దింపగానే ఇంకో ఎద్దయితే గడ్డి ఎక్కడుందా అని చూసుకునేది. పోలన్న మాత్రం చెట్టు కింద పడుకుని మాస్టారు చెప్పిందంతా చెవులప్పగించి విన్నాడు. క్యాంపు ఎత్తేశాక విన్నదంతా తీరిగ్గా నెమరేశాడు. ఎద్దు నెమరేశాక ఇక మరిచిపోయేదేముంది! తెగినచోట శుభ్రమైన గుడ్డ పెట్టి నొక్కిపట్టడం, కాలినచోట చల్లటి నీళ్లు ధారగా పోయడం, విరిగిన కాలు కదలకుండా కట్టు కట్టడం, అన్నీ ఆయనకు కొట్టినపిండి. పిల్లలు మరిచిపోయి వెళ్లిన ఎర్ర రుమాళ్లు కొన్ని తుమ్మకొమ్మలకు వేలాడుతుంటే వాటిని జాగ్రత్తగా దించి దాచాడు. దళంలో చేరిన ప్రతి పిల్ల మెడలోనూ ఒక రుమాలు.

దళంలో అందరికన్నా హుషారైనది చుక్కి. నల్లటి మేకపిల్ల, నుదుట తెల్లచుక్క. దాని గొడవల్లా ఒకటే. గోగునార దొరికితే చాలు, ఎవరో ఒకరికి కట్టు కట్టేదాకా దానికి కాలు నిలవదు. కట్టగా మిగిలిన నార నమిలేసేది. ఎంతైనా మేక కదా!

"ముందు చూడు, తర్వాత అడుగు, ఆ పైనే కట్టు," అని పోలన్న రోజూ వల్లె వేయించేవాడు. చుక్కికి మూడో ముక్క ఒక్కటే చెవికెక్కింది.

దాంతో ఒకరోజు కొంప మునిగింది. కాలువ ఒడ్డున కొంగ రత్తమ్మ ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుని జపంలో ఉంది. చుక్కి చూసింది. ఒకటే కాలు కనబడింది. "అయ్యో, రెండో కాలు విరిగి పైకి ముడుచుకుపోయింది పాపం!" అనుకుంది. చడీచప్పుడు లేకుండా వెళ్లి ఆ మడిచిన కాలిని పొట్టకు ఆనించి గోగునారతో చక్కగా కట్టేసింది. ఇంతలో లావుపాటి చేప ఒకటి అటుగా వచ్చింది. రత్తమ్మ జపం మానేసి రెండో కాలు దించబోయింది. కాలు దిగలేదు, రత్తమ్మే బురదలోకి దిగింది, ముక్కు ముందు.

"నా కాలు నేను మడుచుకుంటే నీకేందే నొప్పి?" బురద ఉమ్ముతూ లేచింది రత్తమ్మ.

"విరిగిందేమో అనుకున్నా అత్తా..."

"అనుకోవడానికి నోరుంది, అడగడానికి లేదా?"

కట్టు విప్పబోతే అది రాలేదు. నార తడిసి ముడులు బిగుసుకుపోయాయి. ఎవరు లాగినా ఇంకాస్త బిగిసిందే గానీ వదల్లేదు. చివరికి చుక్కే ముడి దగ్గర నార కొరికి కొరికి తెంపింది. రత్తమ్మ కాలు మొద్దుబారి పొద్దెక్కేదాకా కుంటింది.

పోలన్న కేకలెయ్యలేదు. అదే చుక్కికి ఎక్కువ బాధనిపించింది. ఆయన మెల్లగా కొమ్ముతో దాని మెడలోని రుమాలు తీసి తన కొమ్ముకే తగిలించుకున్నాడు.

"కట్టు నీకు బాగానే వచ్చింది బిడ్డా. అడగడమే రాలేదు. చూసి, అడిగి ఎవరికన్నా సాయం చేసినరోజు వచ్చి తీసుకెళ్లు. ఇంకోమాట. కట్టు కట్టాక నార తడపకూడదు. తడిస్తే నెత్తురు ఆడదు. చూశావుగా?"

"చూశాను తాతా," అంది చుక్కి. మెడ బోసిగా ఉంది.

ఇదంతా గోగుచేలో కూర్చుని ఒకాయన వింటున్నాడు. గుంటనక్క జంబయ్య. ఆయనకు మేకపిల్ల మీద కన్ను లేదు, దాని నేస్తం మీద ఉంది. బాతుపిల్ల బుడుంగు. గుండ్రంగా, మెత్తగా, ఎవరు పిలిచినా వెళ్లే రకం. "కట్టు కట్టించుకునే మనిషి కోసం మేకపిల్ల అల్లాడిపోతోంది. అది యాడికెళితే బాతుపిల్ల ఆడికే. ఇంతకన్నా ఏం కావాల!" అనుకుని మూతి నాక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే చుక్కి నారచుట్ట మెడకు తగిలించుకుని బయల్దేరింది. వెనకే బుడుంగు.

"గేదె పెద్దమ్మా, దెబ్బేమన్నా తగిలిందా?"

"తగల్లేదే."

"కాస్తన్నా?"

"కాస్తా లేదు. పో అవతలికి."

పందిపిల్లలనడిగింది, తొండనడిగింది. ఆ రోజు లోకమంతా ఆరోగ్యంగా ఉంది. చుక్కికి ఏడుపొకటే తక్కువ.

సరిగ్గా అప్పుడు కాలువగట్టు మీద తుప్పల వెనకనుంచి మూలుగు వినబడింది. "అమ్మా... చచ్చాన్రా దేవుడో..."

వెళ్లి చూస్తే జంబయ్య. కుడి ముంగాలు వంకరగా పెట్టుకుని, కళ్లు తేలేసి పడుకున్నాడు.

"ఎవరూ, చుక్కి కోడలా? దేవుడే పంపాడు. గట్టు మీంచి జారిపడ్డా తల్లీ. ఈ కుడికాలు విరిగింది. నన్ను చూసి భయపడొద్దు. దవడ కూడా పట్టేసింది. ఎలకపిల్లను తెచ్చి నోట్లో పెట్టినా నమల్లేను. నువ్వు కట్లు బాగా కడతావని పది ఊళ్లు చెప్పుకుంటున్నాయి. ఈ మావకొక కట్టు కట్టి పుణ్యం కట్టుకో."

పట్టేసిన దవడతో ఇంత ఉపన్యాసమా అనిపించింది చుక్కికి. నక్కలతో జాగ్రత్త అని వాళ్లమ్మ పాలతోపాటు చెప్పిన మాటా గుర్తొచ్చింది. బుడుంగును వెనక్కి లాగుదామనుకునేలోపే వాడు బుడుబుడుమని వెళ్లి నక్క పొట్ట పక్కన చతికిలబడ్డాడు.

"పాపం మావ! వణుకుతున్నాడు చుక్కీ!"

"చలి బాబూ, చలి," అంటూ జంబయ్య తోకను వాడిచుట్టూ తిప్పాడు. "వీడు ఇట్టా పక్కనుంటే వెచ్చగా ఉంటది. నువ్వెళ్లి చేలో నాలుగు ఆకులు కోసుకురా కోడలా. కట్టు కింద మెత్తగా వేద్దువుగాని."

చుక్కి కాళ్లు అలవాటు కొద్దీ చేను వైపు తిరిగాయి. ఒక అడుగు పడింది. 'ముందు చూడు' అన్న మాట చెవిలో మోగింది. ఆగి కిందికి చూసింది. రాత్రి తడికి గట్టంతా మెత్తగా ఉంది. ఆ బురదలో తుప్పదాకా నక్క అడుగులున్నాయి. కుడికాలిది, ఎడమకాలిది, అన్నీ ఒకే లోతున, ఒకే దూరంలో, ముగ్గేసినట్టు. జారిన గుర్తు లేదు, ఈడ్చిన గుర్తూ లేదు.

చుక్కికి నక్క నాటకం అర్థమైంది. పారిపోవడం క్షణం పని. కానీ పారిపోతే బుడుంగు మిగలడు. పోలన్న దిబ్బకు అవతల ఉన్నాడు. అరిస్తే ఆయన వచ్చేలోపు ఈకలే మిగులుతాయి. కాళ్లు వణుకుతున్నాయి. వణికితే తెలిసిపోతుందని నాలుగు కాళ్లూ నేలకు నొక్కిపెట్టి నిలబడింది. చూడటం అయింది. ఇక మిగిలింది అడగడం.

"ఆకులకు వెళతాలే మావా. మా దళంలో పద్ధతొకటుంది. ముందు తల, తర్వాతే కాళ్లు. దవడ పట్టేసిందన్నావుగా? నొప్పేనా?"

'కాదంటే నోరు బాగానే ఉందని తెలుస్తుంది, ఈ బాతుపిల్లోడు లేచిపోతాడు,' అనుకున్నాడు జంబయ్య. 'ఇదటు వెళ్లగానే ఈ నారపోగును ఒక్క గోకుడు గోకితే పోలా?'

"నొప్పే తల్లీ. మహా నొప్పి."

చుక్కి నార తీసి గడ్డం కిందనుంచి, మూతి మీదుగా, చెవుల వెనక్కి తిప్పి ముడేసింది. నక్క పళ్లు దాని ముక్కుకు తగిలేంత దగ్గరగా ఉన్నాయి. ఊపిరి కూడా పీల్చకుండా ముడి పూర్తిచేసింది.

"కుడికాలు నొప్పా మావా?"

"ఊఁ," అని మూలిగాడు జంబయ్య. నోరు కట్టేశాక రోగి మూలగడం ధర్మం కదా!

"విరిగిన కాలికి ఆనించే కర్రబద్ద లేకపోతే మంచికాలే బద్ద అంటాడు మా తాత. రెండు కాళ్లూ కలిపి కట్టాలి. సరేనా?"

"ఊఁ... ఊఁ..." ఇంకా జాలిగా మూలిగాడు. ముంగాళ్లు రెండూ జతపడ్డాయి. ముడి మీద ముడి పడింది. జంబయ్యకు ఎందుకో కాస్త తేడాగా అనిపించింది.

"వెనక ఎడమకాలు?"

ఈసారి జంబయ్య కాదని చెప్పాలనుకున్నాడు. నోరు తెరుచుకోదు, తల తిప్పబోతే చెవుల వెనక ముడి దగ్గర కలుక్కుమంది. "ఊఁ!" అన్నాడు.

"అయ్యో, ఇక్కడ కూడానా! వెనక కుడికాలు?"

"ఊహూఁ! ఊహూఁ! ఊహూఁ!"

"వింటున్నావా బుడుంగూ?" అంది చుక్కి, నార తిప్పుతూనే. "ఉత్త ఊఁ కాదు, అంత పొడుగు మూలుగు మూలిగాడంటే అక్కడే నొప్పి ఎక్కువ."

వెనక కాళ్లు రెండూ జతపడ్డాయి. జంబయ్య ఒక్కసారి ఎగిరాడు, తన్నుకున్నాడు, దొర్లాడు. గోగునార కాస్త సాగినట్టే అయింది.

"బుడుంగూ, కాలువలోకి దూకు! మావకు నీళ్లు కావాలి! రెక్కలతో కొట్టు, కట్లన్నీ తడవాలి!"

ఎవరేం చెప్పినా చేసే గుణం బుడుంగుకు ఆ రోజు పనికొచ్చింది. గుభేలున దూకి రెక్కలు టపటపా కొట్టాడు. గట్టు మీద వాన కురిసినట్టయింది. నార తడిసింది, ముడులు కొరికిపట్టినట్టు బిగిశాయి. జంబయ్య ఇక ఎగరలేదు, మూలిగాడు. ఇది మాత్రం నిజం మూలుగు.

అప్పుడు అరిచింది చుక్కి, దిబ్బంతా మారుమోగేట్టు. "తాతా!"

పోలన్న ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు. వెనకే దళమంతా. మోపుకట్టిన గడ్డిలా పడున్న నక్కను ఆయన చుట్టూ తిరిగి చూశాడు.

"ఎవరు కట్టారిది?"

"నేనే తాతా. చూశాను, అడిగాను, ఆ పైనే కట్టాను. అడిగినదానికల్లా మావ ఊఁ అన్నాడు." అంతవరకు బాగానే చెప్పి, గట్టెక్కిన బుడుంగును రెండు ముంగాళ్ల మధ్యకు లాక్కుని భోరుమంది. ఇప్పటిదాకా దాచుకున్న భయమంతా అప్పుడు బయటికొచ్చింది.

సంగతి బురదలో చదువుకున్నాడు పోలన్న. ఆ నీటుగా పడ్డ అడుగులు చూసి ముక్కుపుటాలు ఎగరేశాడు. "కట్టు బాగుంది. ఒక్కటే తప్పు. నార తడిపావు."

"తెలిసే తడిపాను తాతా," అంది చుక్కి ఎక్కిళ్ల మధ్య.

పోలన్న నవ్వినప్పుడల్లా మెడగంట మోగుతుంది. ఆ రోజు అది చాలాసేపు మోగింది. కొమ్ముకున్న ఎర్ర రుమాలు దించి చుక్కి మెడలో వేశాడు.

"చూడండి పిల్లలూ," అన్నాడు దళంతో. "తల కట్టు, కాలి కట్టు, జంట కట్టు. ఇంత ఓపిగ్గా పడుకునే రోగి మళ్లీ దొరకడు. అందరూ వచ్చి చూసి నేర్చుకోండి."

పిల్లలంతా వరసగా వచ్చి ముడులు తడిమి చూశారు. రత్తమ్మ కూడా వచ్చింది. "ఊఁ అంటే కట్టేస్తారా ఏంది?" అని నక్కను పరామర్శించి, ఒంటికాలి మీద నిలబడి మరీ నవ్వింది.

కాళ్లు మొద్దుబారకముందే విప్పాలన్నాడు పోలన్న. శత్రువుకైనా నెత్తురు ఆడాలి, అది దళం పద్ధతి. తడిసిన నార విప్పడం ఇంకెవరివల్ల అవుతుంది? పోలన్న కొమ్ములు వంచి కాపలా నిలబడితే చుక్కి నాలుగు కాళ్ల కట్లూ కొరికి తెంపింది. మూతి కట్టు మాత్రం ముట్టలేదు.

"అది ఇంటికెళ్లి గోక్కో మావా. దారిలో ఎవర్నన్నా పలకరించేవు."

జంబయ్య లేచాడు. ఇందాకటి దొర్లుడుకు కుడి ముంగాలు నిజంగానే బెణికింది. ఒక అడుగు వేసి కుంటాడు, ఇంకో అడుగు వేసి కుంటాడు. చుక్కి చూసింది. దొంగకుంటుడు కాదు, బురదలో ఆ కాలి అచ్చు లోతు తక్కువగా పడుతోంది. దానికి నిజంగా జాలేసింది.

నారచుట్ట పట్టుకుని వెనకే పరుగెత్తింది. "ఆగు మావా! ఈసారి నిజంగా దెబ్బ తగిలింది! కట్టు కట్టనా?"

అంత వేగంగా పరుగెత్తే కుంటినక్కను తుమ్మలదిబ్బ అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

నీతి: దొంగనొప్పికైనా కట్టు మాత్రం నిజంగానే పడుతుంది.